ఎల్గార్ చెల్లో కన్చెర్టో: వెనక వరుసలో వయోలాతో

ఇంగ్లీష్ స్వరకర్త ఎల్గార్ రాసిన చెల్లో కన్చెర్టో (ఒక సోలో చెల్లో, దాని చుట్టూ ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) పేరు చెప్పగానే అందరూ కూనిరాగం తీసే ఆ ఊగే పాట ఉందే, దాన్ని మొదట వినిపించేది చెల్లో కాదు, వయోలాలు. సోలోయిస్ట్ ముందు గట్టిగా నాలుగు తీగలూ మోగేలా కొన్ని కార్డ్స్ (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) వాయిస్తుంది. క్లారినెట్లు, వాటి తోడు ఒకటి రెండు వాద్యాలు మెత్తగా ఓ జవాబు చెబుతాయి. చెల్లో ఒక్కటే తన ఇష్టం వచ్చిన వేగంతో మెట్టు మెట్టూ ఎక్కి ఆగుతుంది. అప్పుడు వయోలాలు మొదలుపెట్టాలి. కింద బేస్ లేదు, శ్రుతి లేదు, వెనక ఎవరూ లేరు. పెద్ద ఆర్కెస్ట్రాలో వయోలాలకి ఇలాంటి చోటు దొరకడం అరుదు. దొరికినప్పుడు మాత్రం దాక్కోవడానికి చోటుండదు.

పోయిన చలికాలం ఈ కన్చెర్టోని మా ఊరి అమెచ్యూర్ ఆర్కెస్ట్రాలో వాయించాం. మేముండేది ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్‌కి కాస్త దూరంలో. వయోలాలం అయిదుగురం, నేను ఆఖరి కుర్చీ. వినేవాళ్ళ వైపు నుంచి ఈ కన్చెర్టో గురించి చాలామంది రాశారు. వెనక వరుసలో కూర్చుంటే అదెలా ఉంటుందో తెలుగులో నాకెక్కడా కనిపించలేదు, అందుకే ఇది.

నేను విజయనగరంలో పుట్టి పెరిగాను. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నది కర్ణాటక పద్ధతిలోనే: నేల మీద కూర్చుని, వయొలిన్ తల కాలి మడమ దగ్గర ఆనించి, తీగల్ని స-ప-స-ప శ్రుతి చేసుకుని. కాలేజీ రోజుల్లో దసరాకి గుళ్ళో పాడేవాళ్ళకి పక్కవాద్యం వాయించేదాన్ని. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక చాలా ఏళ్ళు పెట్టె తియ్యలేదు. పిల్లలు కాస్త పెద్దయ్యాక ఈ ఆర్కెస్ట్రా వాళ్ళని కలిస్తే, "వయొలిన్లు మాకు నిండా ఉన్నాయి, వయోలా పట్టుకుంటారా?" అన్నారు. వయోలాలకి కరువు లేని అమెచ్యూర్ ఆర్కెస్ట్రా ఈ దేశంలో ఉందని నేననుకోను.

వయోలా అంటే వయొలిన్ కన్నా కొంచెం పెద్దది. పైన ఉండే ఇ తీగ దీనికి లేదు, దాని బదులు కింద సి తీగ ఉంటుంది. నొటేషన్ కూడా వేరు. వయొలిన్ వాళ్ళు చదివే క్లెఫ్ (ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు) కాదు, ఆల్టో క్లెఫ్ చదవాలి. అయిదు గీతల్లో మధ్య గీత మీద ఉన్నది సి అని మెదడుకి పట్టించేసరికి నాకు తాతలు దిగొచ్చారు. చుబుకం కింద వాద్యాన్ని బిగించి పట్టుకోవడం, కుర్చీలో నిటారుగా కూర్చోవడం, పక్కవాళ్ళ బో (కమాను) పైకి వెళితే మనదీ పైకే వెళ్ళడం, ఇవన్నీ కొత్తే. ఎల్గార్ దాకా వచ్చేసరికి ఆ తిప్పలు చాలావరకు పడి ఉన్నాను కాబట్టి వాటి జోలికి వెళ్ళను.

పార్టులు (ఒక్కో వాద్యానికి విడిగా ఉండే నొటేషన్ కాగితాలు) లైబ్రరీ నుంచి అద్దెకి తెచ్చిన సెట్. ఎన్ని ఆర్కెస్ట్రాల చేతులు మారిందో, పేజీల మూలలు గుడ్డలా మెత్తబడ్డాయి. పెన్సిల్‌తోనే రాయాలి, తిరిగిచ్చేటప్పుడు చెరిపెయ్యాలి అని రూలు. ఎవరూ పూర్తిగా చెరపరు. మా పార్టు మొదటి పేజీలో వయోలాల ఎంట్రీ పైన ఎవరో చిన్న కళ్ళజోడు బొమ్మ గీశారు. ఇక్కడ ఆర్కెస్ట్రా వాళ్ళంతా వాడే గుర్తు అది: తలెత్తి కండక్టర్‌ని (కర్ర ఊపుతూ ఆర్కెస్ట్రాని నడిపించే మనిషిని) చూడు అని. దాని కింద ఇంకో చేత్తో, ఇంకాస్త గట్టిగా ఒత్తిన పెన్సిల్‌తో, రెండో కళ్ళజోడు. నా పక్క కుర్చీ పెద్దాయన ముప్ఫై నలభై ఏళ్ళుగా ఇందులో వాయిస్తున్న మనిషి. దాన్ని చూసి నవ్వి, మూడోది తనే గీశాడు.

మొదట్లో ఇంట్లో ఒక్కదాన్నే సాధన చేసినప్పుడు ఇదేం కష్టం అనిపించింది. స్వరాలు తేలికే. తాళం 9/8, అంటే మూడేసి చొప్పున మూడు గుంపులు, ప్రతి గుంపులోనూ ఒక పొడుగు, ఒక పొట్టి. మనకి తిశ్రనడక పుట్టుకతో వచ్చినట్టే కదా, తకిట తకిట తకిట అనుకుంటూ వాయించేశాను. స్వరాల వరుస కూడా ఇ మైనర్, మన లెక్కలో నటభైరవి మెట్లే. విజయనగరంలో మా మాస్టారికి వీడియో కాల్‌లో వినిపిస్తే ఆయన కాసేపు విని, "రాగం మొదలెట్టి ఎక్కడా నిలవనివ్వడేమ్మా, ఊయల ఊపుతూ పోతున్నాడు" అన్నారు. ఆయన సరదాగానే అన్నారు కానీ, ఆ మాటలో ఉన్నది మా కండక్టర్ నాకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలా వారాలు పట్టింది. ఈ పాటని తాళం కొట్టినట్టు వాయిస్తే చచ్చిపోతుంది. లెక్క లోపల ఉండాలి, పైకి మాత్రం ఎవరూ లెక్కపెట్టనట్టు సాగాలి.

ఈ పాట పుట్టిన కథ ఆ పెద్దాయన టీ బ్రేక్‌లో చెప్పాడు, తర్వాత నేనూ చదువుకున్నాను. 1918 మార్చిలో ఎల్గార్‌కి లండన్‌లో టాన్సిల్స్ ఆపరేషన్ అయింది. అప్పటికి అరవై దాటాడు, ఆ వయసుకి అది చిన్న ఆపరేషన్ కాదు. మత్తు వదిలి నొప్పి తగ్గాక కాగితం, పెన్సిల్ అడిగి తీసుకుని రాసుకున్న పాట ఇదే. అప్పుడు దాన్ని ఏం చేయాలో ఆయనకే తెలియదు, పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత భార్య ఆలిస్‌తో ససెక్స్‌లో ఫిటిల్‌వర్త్ ఊరి దగ్గర అడవిలో బ్రింక్‌వెల్స్ అనే చిన్న ఇంట్లో ఉన్నాడు. మొదటి ప్రపంచయుద్ధం ఇంకా నడుస్తోంది. రాత్రిపూట ఫ్రాన్స్ వైపు నుంచి ఫిరంగుల మోత సముద్రం దాటి అక్కడికి వినిపించేదట. అక్కడే ఒక వయొలిన్ సొనాటా, ఒక క్వార్టెట్, ఒక పియానో క్వింటెట్ మొదలుపెట్టాడు. 1919లో ఆ పాత కాగితం తీసి, చుట్టూ ఈ కన్చెర్టో కట్టాడు. ఆయన రచనల వరుసలో ఓపస్ 85.

అదే 1919లో మా విజయనగరంలో మహారాజా వారు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పేవారు. రెంటికీ సంబంధమేమీ లేదు. అయినా ఆ సంవత్సరం చూడగానే నేను ఫోన్ చేసి చెబితే మాస్టారు ఎంత సంబరపడ్డారో.

రిహార్సల్స్ వారానికోసారి, సాయంత్రం, ఒక స్కూల్ హాల్లో. మొదటి కొన్ని వారాలు సోలోయిస్ట్ ఉండదు. చెల్లో లేని చెల్లో కన్చెర్టో వాయించడం ఎంత వింతగా ఉంటుందో చెప్పలేను. కండక్టర్ ఒకావిడ, రిటైరైన స్కూల్ టీచర్. చెల్లో పాడాల్సిన చోట తనే పాడేది, చేత్తో ఊపుతూ, గొంతు అందనిచోట ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగి. ఒక పేజీ వాయిస్తే మన చేతిలో ఉన్నది నాలుగు స్వరాలు, రెండు బార్ల (బార్ అంటే ఒక తాళం ఆవర్తనం లాంటి ముక్క) మౌనం, మళ్ళీ మూడు స్వరాలు. మొత్తం కలిపి వింటే అర్థమే కాదు. ట్రంపెట్లు, ట్రాంబోన్లు వాయించేవాళ్ళయితే మొదటి మూవ్‌మెంట్‌లో (మూవ్‌మెంట్ అంటే కన్చెర్టోలో ఒక భాగం) చాలాసేపు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఒకాయన పత్రికలో పజిల్ పూర్తి చేసుకున్నాడు.

అది ఎందుకో తర్వాత అర్థమైంది. చెల్లో గొంతు పలికేది ఆర్కెస్ట్రాకి సరిగ్గా నడుమ. వయొలిన్ కన్చెర్టోలో అయితే సోలో వయొలిన్ అందరికన్నా పైన తేలుతుంది. చెల్లోకి ఆ అదృష్టం లేదు, పైన వయొలిన్లు, కింద బేస్‌లు, పక్కనే హారన్లు, బసూన్లు (రెండూ ఊదే వాద్యాలే), అందరూ దాని గొంతులోనే మాట్లాడతారు. కొంచెం ఒత్తితే చాలు, చెల్లో మునిగిపోతుంది. ఎల్గార్ చేతిలో నాలుగు హారన్లు, మూడు ట్రాంబోన్లు సహా పెద్ద ఆర్కెస్ట్రానే ఉంది. కానీ చెల్లో నోరు విప్పినప్పుడల్లా దాన్ని దాదాపు ఖాళీ చేసేస్తాడు. తీగల మీద ఒక సన్నటి పొర, అక్కడక్కడా ఒక క్లారినెట్. అందరూ కలిసి గొంతెత్తేది చెల్లో పక్కకి తప్పుకున్నప్పుడే. ఇన్నాళ్ళూ వినేటప్పుడు ఇది నాకు తెలియలేదు. వాయించాక, ఆ ఖాళీలన్నీ ఆయన కావాలని వదిలినవని తెలిసింది.

నాకు మొదటి చీవాట్లు జారుడు మీద పడ్డాయి. కర్ణాటక చెయ్యి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎగిరి వెళ్ళదు, జారి వెళుతుంది. అది తప్పని ఎవరూ చెప్పరు, జారకపోతేనే మాస్టారు మొట్టికాయ వేసేవారు. ఇక్కడ ఆ మొదటి పాటలో కింది స్వరం నుంచి పైకి వెళ్ళేటప్పుడు నా వేలు తెలియకుండానే దారి పొడుగునా రాసుకుంటూ పోయేది. అయిదుగురిలో ఒకరు జారితే అందరికీ వినిపిస్తుంది. కండక్టర్ ఆపి, నా పేరు పెట్టి కాకుండా, "వయోలాలు, ఎవరో చాలా ప్రేమగా వాయిస్తున్నారు" అంది. పక్కాయన నా వైపు చూడకుండా నవ్వాడు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 1928లో బియాట్రిస్ హారిసన్ చెల్లోతో, ఎల్గార్ తనే కండక్ట్ చేసిన రికార్డింగ్ దొరుకుతుంది. వినండి. అందులో సోలో ఒక్కటే కాదు, ఆర్కెస్ట్రాలో తీగవాద్యాలు కూడా హాయిగా జారుతూ ఉంటాయి. ఆ రోజుల్లో అది మామూలు పద్ధతి. తర్వాత ఫ్యాషన్ మారింది, శుభ్రంగా వాయించడం అంటే జారకుండా వాయించడమే అయింది. మరుసటి వారం నేను ఇయర్‌ఫోన్స్ తీసుకెళ్ళి కండక్టర్‌కి వినిపించాను. ఆవిడ మొత్తం విని, "వాళ్ళందరూ కలిసి జారారమ్మా. నువ్వొక్కదానివే జారితే ఎలా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. వేళ్ళకి మళ్ళీ పాఠం చెప్పుకున్నాను.

రెండో గొడవ నిజంగా పెద్దది, అది నా ఒక్కదానిదే అనుకున్నాను గానీ అందరిదీ. పక్కవాద్యం వాయించేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. పాడేవారు ఆలాపన తీస్తుంటే చెవి అటే పెట్టి, వాళ్ళు అన్నదాన్ని ఒక్క గింజ వెనకగా అందుకుంటూ పోతాం. ఆ వెనకబాటు మర్యాద. ముందుకు దూకితే పెద్దవాళ్ళు ఉరిమి చూస్తారు. సోలో చెల్లో వెంట వెళ్ళడమంటే నేను అదే అనుకున్నాను. అలా చేస్తే ఈ పద్ధతిలో ఎప్పుడూ ఆలస్యమే. నేను విని, చెయ్యి కదిపి, తీగ పలికేసరికి చెల్లో ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. అయిదారుగురు అలా వెనకబడితే మొత్తం ఆర్కెస్ట్రా బురదలో నడిచినట్టు ఉంటుంది. అందరూ కలిసి పలకాలంటే, ఆమె పలకబోతున్నప్పుడే నేనూ పలకబోతూ ఉండాలి.

ఇది సోలోయిస్ట్ వచ్చిన రోజు తేలింది. బర్మింగ్‌హామ్‌లో మ్యూజిక్ చదువుతున్న అమ్మాయి, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. చెల్లో కింద ఒక ఇనప మొన ఉంటుంది, అది నేలలో గుచ్చుకోవాలి. స్కూల్ నేల పాలిష్ చేసిన చెక్క, దాన్ని గుచ్చితే కేర్‌టేకర్ ఊరుకోడు. ఆ అమ్మాయి సంచీలోంచి ఒక పటకా తీసి, ఒక కొస కుర్చీ కాలికి తగిలించి, రెండో కొస మీద మొన ఆనించింది. అయినా మొదటి కార్డ్‌కే చెల్లో ఒక జానెడు ముందుకి జారింది. ఎవరో కోటు తెచ్చి పటకా కింద పరిచారు. ఇదంతా జరుగుతుంటే ఆమె మొహంలో చిరాకు లేదు, రోజూ పడే పాట్లే అన్నట్టు సర్దుకుంది. ఆ తర్వాత మళ్ళీ ఆ కార్డ్స్ వాయించింది. ఇన్ని వారాలుగా కండక్టర్ గొంతులో విన్నవాటికీ వీటికీ పోలికే లేదు. చెల్లో పొట్టలోంచి వచ్చే ఆ మోత నా కుర్చీ కాళ్ళ ద్వారా తెలిసింది.

ఆమె స్వరాల మెట్లు (స్కేల్) ఎక్కి ఆగింది. వయోలాల వంతు. మేం అయిదుగురం అయిదు వేర్వేరు క్షణాల్లో మొదలుపెట్టాం.

కండక్టర్ కోప్పడలేదు. కర్ర కింద పెట్టి, "మీరు ఆమె చెల్లో వింటున్నారు. వినకండి, ఆమె మోచేతిని చూడండి" అంది. సోలోయిస్ట్ కండక్టర్‌కి ఎడమ పక్క కూర్చుంటుంది, మేం కుడి వైపు. మాకు కనిపించేది ఆమె వీపు, కుడి మోచెయ్యి. బో ఆగబోయే ముందు ఆ మోచెయ్యి నెమ్మదిస్తుంది, మళ్ళీ లాగే ముందు భుజం పైకి లేస్తుంది, పాడేవాళ్ళు ఊపిరి తీసుకున్నట్టు. అది చూడగలిగితే శబ్దం రాకముందే మనకి కబురు అందినట్టే. ఆ రోజు నుంచి నేను నొటేషన్ చాలావరకు కంఠతా పట్టేశాను, పేజీ చూడకుండా ఆ మోచెయ్యి చూడ్డానికి. మాస్టారికి ఈ సంగతి చెబితే, "మరి నువ్వు పాడేవాళ్ళ గొంతే చూశావు గానీ చెయ్యి చూడలేదన్న మాట. మంచి పక్కవాద్యం ఎప్పుడూ రెండూ చూస్తుంది" అని తేల్చేశారు. ఇన్నేళ్ళూ ఆ మాట నాకు చెప్పలేదేం అంటే నవ్వి ఊరుకున్నారు.

సోలోయిస్ట్‌తో దొరికే సమయం ఎప్పుడూ తక్కువే. ఇదే కన్చెర్టోకి మొదటి కచేరీలో జరిగింది తలుచుకుంటే మేం నయం. 1919 అక్టోబర్ 27న లండన్ క్వీన్స్ హాల్లో అది మొదటిసారి వాయించారు. చెల్లో ఫీలిక్స్ సాల్మండ్, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, కండక్ట్ చేసింది ఎల్గారే. కచేరీలో మిగతా భాగం మాత్రం ఆల్బర్ట్ కోట్స్ చేతిలో ఉంది. ఆయన తన ఐటమ్స్‌కి రిహార్సల్ చేస్తూ చేస్తూ ఎల్గార్‌కి ఇచ్చిన సమయాన్ని కూడా మింగేశాడు. ఆలిస్ డైరీలో ఆయన్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ చదువుకోవచ్చు. కన్చెర్టోని వెనక్కి తీసుకుందామని కూడా ఎల్గార్‌కి అనిపించిందట, సాల్మండ్ పడిన శ్రమ చూసి ఆగాడు. ఫలితం ఘోరం. అంత గొప్ప ఆర్కెస్ట్రా ఇంత అధ్వానంగా వాయించడం ఎన్నడూ జరిగి ఉండదన్న ధోరణిలో విమర్శకుడు ఎర్నెస్ట్ న్యూమన్ రాశాడు. తప్పు సంగీతానిది కాదని ఆయన గ్రహించాడు, అది మంచి విషయం.

ఆ రోజు ఆ ఆర్కెస్ట్రాలో చెల్లోల మధ్య ఇంకా ఇరవై నిండని కుర్రాడొకడు కూర్చుని ఉన్నాడు. పేరు జాన్ బార్బిరోలి. ఆ తర్వాత ఆయనే కండక్టర్‌గా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 1965 ఆగస్టులో లండన్ కింగ్స్‌వే హాల్లో, అదే లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో, ఇరవై ఏళ్ళ జాక్లిన్ డుప్రే చెల్లో వాయిస్తుంటే ఈ కన్చెర్టోని రికార్డు చేసింది ఆయనే. ప్రపంచమంతా ఈ కన్చెర్టోని ఇప్పుడు వింటోంది ఎక్కువగా ఆ రికార్డు చలవ వల్లనే. అందరూ డుప్రే గురించే మాట్లాడతారు, అది న్యాయమే. కానీ ఈసారి వినేటప్పుడు చెల్లో ఆగిన చోట వెనకవాళ్ళు ఎలా వచ్చి చేరుతున్నారో వినండి. మొదటి రోజు ఆ కష్టమంతా వెనక వరుసలో కూర్చుని పడిన మనిషికే అలా నడిపించడం తెలుస్తుందని నా అనుమానం.

రెండో మూవ్‌మెంట్ మొదటిదానికి ఆగకుండా అతుక్కుని వస్తుంది. చెల్లో సూది మొనల్లాంటి చిన్న స్వరాలని ఒక్కొక్కదాన్నీ నాలుగేసిసార్లు కొడుతూ పరుగెడుతుంది. మాకు ఉన్నవి అక్కడక్కడా చిటికెలు. మధ్యలో హఠాత్తుగా ఆమె ఒక వాక్యాన్ని సాగదీసి, అంతే హఠాత్తుగా మళ్ళీ పరుగు అందుకుంటుంది. ఆ మలుపుల్లో మేం ఎన్నిసార్లు పడ్డామో. ట్రెయిన్ కదిలాక ఎక్కడం లాంటిది అది, మొదటి అడుగు తప్పితే ప్లాట్‌ఫాం మీదే ఉండిపోతాం. నిజం చెప్పాలంటే చివరిదాకా నాకు ఆ మూవ్‌మెంట్ మీద ప్రేమ పుట్టలేదు.

మూడోది మాత్రం వేరే లోకం. అరవై బార్లే, సుమారు అయిదు నిమిషాలు. చెల్లో ఆగేది ఒకే ఒక్క బార్, మిగతాదంతా ఒకటే పాట. ఎల్గార్ ఇక్కడ ట్రంపెట్లని, ట్రాంబోన్లని, డ్రమ్స్‌ని పూర్తిగా తీసేశాడు. తీగవాద్యాలు, కొన్ని క్లారినెట్లు, బసూన్లు, హారన్లు, అంతే. మేం పట్టుకునేవి పొడుగాటి స్వరాలు, చాలా మెత్తగా. చదవడానికి చిన్నపిల్లలు కూడా చదవగలరు. వాయించడం మాత్రం మొత్తం కన్చెర్టోలో నాకు ఇదే కష్టం. మెత్తగా పలకాలంటే బోని తీగల మీద వేళ్ళు పెట్టే వైపుకి జరిపి, బరువు వెయ్యకుండా, నత్తలా లాగాలి. అలా లాగితే టెన్షన్‌కి చెయ్యి వణుకుతుంది. వణికితే శబ్దమూ వణుకుతుంది. ఒత్తితే వణుకు పోతుంది, కానీ చెల్లో మునుగుతుంది. పక్కాయన చెప్పిన చిట్కా పనిచేసింది: బోని చేత్తో కాదు, వీపుతో లాగు అని. అంటే మోచెయ్యి బిగించకుండా భుజం వెనక నుంచి కదపడం. రాత్రిళ్ళు పిల్లలు నిద్రపోయాక ఒకే ఒక్క స్వరాన్ని పట్టుకుని అలా లాగుతూ కూర్చునేదాన్ని. మా ఆయన ఒకరోజు తలుపు తీసి, "ఫ్రిజ్ మోగుతోందేమో అనుకున్నా" అన్నారు. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

కచేరీ శనివారం రాత్రి, ఊళ్ళోని పాత చర్చిలో. ముందు ఒక ఓవర్చర్, తర్వాత ఎల్గార్, ఇంటర్వెల్ అయ్యాక బ్రామ్స్ సింఫనీ. చర్చి అంటే రాళ్ళ గోడలు, ఎత్తైన కప్పు. స్కూల్ హాల్లో చప్పున ఆరిపోయే స్వరం ఇక్కడ కాసేపు తిరుగుతుంది. మధ్యాహ్నం రిహార్సల్‌లో రెండో మూవ్‌మెంట్ మొత్తం ఒక ముద్దలా వినిపించింది. కండక్టర్ అప్పటికప్పుడు, "రాసి ఉన్న పొడుగులో సగమే వాయించండి, మిగతా సగం చర్చి వాయిస్తుంది" అంది. పెన్సిళ్ళు బయటికి వచ్చాయి, అందరం చుక్కలు పెట్టుకున్నాం. హీటర్లు వెయ్యడానికి ఇంకా టైం కాలేదన్నారు. వేళ్ళు కొంకర్లు పోతుంటే నేను చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను.

రాత్రి జనం బాగానే వచ్చారు. మా తెలుగు కుటుంబాలు కూడా ఒక మూడు నాలుగు వెనక బెంచీల్లో. మూవ్‌మెంట్‌కీ మూవ్‌మెంట్‌కీ మధ్య చప్పట్లు కొట్టకూడదని ముందే మెసేజ్ పెట్టాను, నా పిల్లలకి మరీ గట్టిగా చెప్పాను. సోలోయిస్ట్ కోసం చెక్క పెట్టెలాంటి వేదిక వేశారు, దాని మీద చెల్లో మొన దర్జాగా గుచ్చుకుంది. కార్డ్స్ వచ్చాయి, క్లారినెట్ జవాబు చెప్పింది, ఆమె ఎక్కి ఆగింది. నేను మోచేతినే చూస్తున్నాను. భుజం లేచింది. అయిదుగురం ఒక్కసారే మొదలుపెట్టాం. మొదటి రెండు స్వరాలు వినగానే తెలిసిపోయింది, ఇవాళ ఇది నిలబడుతుందని. ఆ పాట అలా వంతెన కట్టి చెల్లో చేతిలో పెట్టేశాక నాకు చెమటలు పట్టాయి, ఆ చలిలో.

ఆఖరి మూవ్‌మెంట్ చాలాసేపు హడావిడిగా, కొంచెం గర్వంగా నడుస్తుంది. అంతా అయిపోయింది అనుకున్న చోట వేగం తగ్గించేస్తాడు. మూడో మూవ్‌మెంట్‌లోని పాట ఒకసారి పైకి తేలుతుంది, దాని వెంటే మొట్టమొదటి కార్డ్స్ మళ్ళీ వస్తాయి. అక్కడ ఆ అమ్మాయి రిహార్సల్స్‌లో కంటే ఎక్కువసేపు ఆగింది. ఎవరికీ చెప్పలేదు, బహుశా తనకీ ముందు తెలియదు. కండక్టర్ చెయ్యి గాల్లో అలాగే ఉంది, మా బోలు తీగల మీద కదలకుండా ఉన్నాయి. తర్వాత ఒక్కసారిగా గబగబా నాలుగు అడుగుల్లో కన్చెర్టో ముగిసిపోతుంది, దులపరించుకుని లేచి వెళ్ళిపోయినట్టు. ఈ ముగింపు నాకిష్టం. ఏడిపించి వదిలిపెట్టడు.

ఎల్గార్ దీని తర్వాత ఇంత పెద్ద రచన మరొకటి పూర్తి చెయ్యలేదు. 1920 ఏప్రిల్‌లో ఆలిస్ పోయింది. ఆయన 1934 దాకా బతికాడు. చివరి రోజుల్లో ఒక స్నేహితుడికి ఈ పాటే కూనిరాగం తీసి వినిపించి, నేను పోయాక మాల్వర్న్ కొండల్లో ఎవరైనా దీన్ని ఈల వేస్తూ వినిపిస్తే భయపడకు, అది నేనే, అన్నాడని చెబుతారు. మాల్వర్న్ కొండలు మా ఇంటి నుంచి కారులో వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరమే. లిటిల్ మాల్వర్న్‌లో ఆయన సమాధీ ఆలిస్ సమాధీ ఒకే చోట ఉన్నాయి. కచేరీ తర్వాత ఓ ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. కొండ మీద గాలికి ఈల కాదు కదా, పక్కవాళ్ళు అరిచినా వినిపించలేదు. మా చిన్నాడు చలికి ఏడుపు లంకించుకుంటే కిందికొచ్చి కాఫీ తాగాం.

ఆర్కెస్ట్రా ఇప్పుడు వేరే ప్రోగ్రాం మొదలుపెట్టింది. నేను మాత్రం ఎల్గార్‌ని వదలలేదు. లయొనెల్ టర్టిస్ అని పాతతరం వయోలా విద్వాంసుడు ఈ కన్చెర్టోలో చెల్లో భాగాన్ని వయోలాకి మార్చి రాశాడు. ఎల్గార్ ఒప్పుకోవడమే కాదు, 1930లో ఆయన వాయిస్తుంటే తనే కండక్ట్ చేశాడు కూడా. ఆ నొటేషన్ తెప్పించుకున్నాను. సోలో వాయించే ఉద్దేశం నాకేం లేదు, అంత చెయ్యీ లేదు. ఆ అమ్మాయి మోచెయ్యి అక్కడ ఎందుకు అలా నెమ్మదించిందో వాయిస్తే తెలుస్తుందేమోనని. మొదటి కార్డ్స్ ఓ మోస్తరుగా వస్తున్నాయి. స్కేల్ దగ్గర మూడో స్వరంలోనే వేలు జారుతోంది, ఇంట్లో ఎవరూ అడగరు కాబట్టి జారనిస్తున్నాను.